తూలని వంశం

మనసనేది ప్రతి మనిషికీ ఉంటుందనీ, అది అప్పుడప్పుడు పాడవుతుందనీ, పాడైన మనసును సినిమా చూపించి బాగుచేయవచ్చుననీ మొట్టమొదట కనిపెట్టిన ఘనత చలనచిత్ర మాధ్యమ మానసిక వికాస సమన్వయ మండలికే దక్కాలి. ఆ మండలి ఆఫీసు ఎక్కడుందో నాకు ఇప్పటికీ తెలియదు. దాని ఉత్తర్వు మాత్రం 2011 ఆగస్టులో కొత్తపేటలోని మా డిగ్రీ కాలేజీని వెతుక్కుంటూ వచ్చింది. ప్రతి కాలేజీ ఒక మానసిక సమస్యను ఎంచుకుని, దాన్ని సినిమాల ద్వారా బోధించి, విద్యార్థుల్లో కలిగిన వికాసాన్ని శాతాల్లో తెలపాలని అందులో ఉంది. (వికాసం కలగకపోతే కారణాలు తెలపాలి. కారణాల కోసం వేరే కాగితం జతచేయరాదు.)

మా కాలేజీ ఒక చీరల దుకాణం పైన, రెండో అంతస్తులో ఉండేది. దుకాణమూ కాలేజీ రెండూ ఉపేందర్ సేటువే. ఆయనది పోచంపల్లి పక్కన మగ్గాల ఊరు. కింద చీరలు, పైన డిగ్రీలు అమ్ముతాడని గిట్టనివాళ్లు అనేవారు. అది అన్యాయం. కింద కొన్నవి నచ్చకపోతే మార్చి ఇచ్చేవారు.

పైన నేను సైకాలజీ లెక్చరర్ని. పేరు త్రినాథరావు. ఉద్యోగం కోసం తెనాలి నుంచి వచ్చి, చైతన్యపురిలో ఇల్లు కట్టుకుని, ఇక్కడివాడినే అనుకుంటూ చాలా ఏళ్లు గడిపినవాణ్ణి. సేటు ఉత్తర్వు చేత్తో పట్టుకుని నన్ను పిలిపించాడు.

"సారూ, మనకు ఏం సమస్య ఒచ్చిందో సూశిండ్రా? తాగుడు! భయం, దిగులు, నిద్ర పట్టకపోవుడు, మంచి మంచియన్నీ పెద్ద కాలేజీలోళ్లు ముందుగాల్నే ఏరుకున్నరు. మనకు తాగుడు మిగిలింది."

"తాగుడు ఒక్కటే కాదండీ. 'ప్రమాదకర మద్యపానంపై జన్యు ప్రభావాలు' అని రాశారు."

"జన్యువులంటే ఏంది సారూ?"

"తాతతండ్రుల నుంచి ఒంట్లోకి వచ్చేవండీ."

"గంతేనా? మరి గా మాటనే రాయొచ్చు గద!" అని ఉత్తర్వు నా చేతిలో పెట్టాడు. "మీకు గీ సంగతి మంచిగ తెల్సు గదా?"

తెలుసన్నాను. ఎంత బాగా తెలుసో అప్పటికి నాకే తెలియదు.

ఇక్కడ నా అర్హతల గురించి కొంత చెప్పుకోవాలి. రోజూ సాయంత్రం ఏడింటికి మా ఇంటి వెనక బాల్కనీలో కూర్చుని నేను మితంగా మద్యం తీసుకునేవాణ్ణి. మితమంటే రెండు గ్లాసులు. మధ్యలో గ్లాసు మారింది, సంఖ్య మారలేదు. (కొత్త గ్లాసులో పాతవి రెండు పడతాయి. దాన్ని లెక్కలోకి తీసుకోవాలని ఎక్కడా రాసి లేదు.) దీన్ని తాగుడనరు. తాగుడంటే తూలడం, బూతులు తిట్టడం, ఇల్లు మరిచిపోయి పక్కింటి తలుపు కొట్టడం. మా వంశంలో ఎవరూ తూలలేదు. మా తాతగారు సీసా ఖాళీ చేసి కూడా అరుగు అంచున దర్జాగా నడిచేవారట. మా నాన్నగారు ఎంత పుచ్చుకున్నా పద్యం అప్పజెబితే ఒక్క అక్షరం జారేది కాదు. తాతగారు కామెర్లతో పోయారు. నాన్నగారూ కామెర్లతోనే పోయారు. అందుచేత మా వంశంలో కామెర్లు ఉన్నాయని మేమంతా గట్టిగా నమ్మేవాళ్లం.

ఇక సినిమా ఎంపిక. మన సినిమాల్లో తాగేవాళ్లకు కరువు లేదు. అయితే మండలి నిబంధనల ప్రకారం చూపించే సన్నివేశంలో సీసా కనిపించరాదు, తాగినవాడు అందంగా ఉండరాదు, పాట పాడరాదు. ప్రేమ విఫలమై రెండు గంటలపాటు తాగే హీరో సినిమా ఒకటి తీసుకుని నిబంధనల మేరకు కత్తిరించాను. పేర్లు, ఒక పెళ్లిచూపుల సన్నివేశం, 'మద్యపానం ఆరోగ్యానికి హానికరం' అన్న హెచ్చరిక మిగిలాయి. సేటు చూసి సంతోషించాడు. "బ్లౌజు ముక్కంత అయింది సారూ. మంచిగుంది. పోరగాండ్లకు టైమ్ కలిసొస్తది."

చూపించడానికి ముహూర్తం పెట్టేసరికి సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలైంది. బస్సులు ఆగిపోయాయి. బొగ్గు గనుల్లో పని ఆగి కరెంటు కోతలు వచ్చాయి. దిల్‌సుఖ్‌నగర్ రోడ్డు మీద పొయ్యిలు పెట్టి వంటావార్పు చేస్తున్నారు. సేటు దుకాణం షట్టరు దించేసి అక్కడే కూర్చుని, అందరితో కలిసి తిని, నినాదాలతో గొంతు పోగొట్టుకుని సాయంత్రానికి కాలేజీకి వచ్చేవాడు. బేరాల రోజుల్లో కూడా ఆయన ముఖంలో అంత వెలుగు నేను చూడలేదు. నన్నయితే ఏ ప్రాంతం వాడివని ఎవరూ అడగలేదు. నేను "ఏమండీ" అనగానే ఆ ప్రశ్నతో పనిలేకుండా పోయేది.

సమ్మెలోనూ నడిచి రాగలిగిన పిల్లలు కొందరు క్లాసుకు వచ్చేవారు. వాళ్లలో కృష్ణకుమారి ఒకతె. మీర్‌పేట్ నుంచి కర్మన్‌ఘాట్ మీదుగా నడిచి వచ్చేది. వాళ్ల నాన్న గుండయ్య మగ్గం వదిలేసి పట్నం వచ్చి, చీరలకు కుచ్చులు వేసే పని చేస్తున్నాడు. పాఠం మొదలుపెట్టిన రోజే ఆమె లేచి నిలబడింది.

"సార్, మా నాయన తాగుతడు. గది వంశంల ఒస్తదంటున్నరు గదా, మరి నాకు, మా తమ్మునికి గూడ ఒస్తదా?"

నేను కళ్లజోడు తీసి, జాలిగా చూసి, "అవకాశం ఉంటుందమ్మా. మీలాంటి కుటుంబాల్లో జాగ్రత్తగా ఉండాలి" అన్నాను. ప్రమాదకరమైన జన్యువులు మీర్‌పేట్ దాకా వచ్చి, అక్కడి నుంచి బస్సులు లేక ఆగిపోయాయని, చైతన్యపురికి చేరే అవకాశం లేదని నా ఉద్దేశం. ఆ అమ్మాయి ఇంకేం అడగకుండా కూర్చుంది.

సినిమా రోజున ప్రొజెక్టరు బిగించి మీట నొక్కగానే కరెంటు పోయింది. ఎంతసేపు చూసినా రాలేదు. ఉత్తర్వు తీసి మళ్లీ చదివాను. 'సినిమా ద్వారా' అని ఉంది తప్ప 'తెర ద్వారా' అని లేదు. కాబట్టి హీరో పాత్రను నేనే నటించి చూపిస్తానని ప్రకటించాను. పిల్లలు ఉత్సాహంగా బల్లలు చరిచారు.

నేను బోర్డు దగ్గర నుంచి తలుపు దాకా నడిచాను. తలుపు గొళ్లెం ముందు చూసుకుని, ఆ తర్వాత చెయ్యి చాచి పట్టుకున్నాను. వెనక్కి తిరిగి, చొక్కా సర్దుకుని, "నేను బాగానే ఉన్నాను. అన్నం పెట్టు" అని ఊహలోని హీరోయిన్‌తో నెమ్మదిగా, స్పష్టంగా చెప్పాను. చప్పట్లు కొట్టారు. వెనక బెంచీ నుంచి ఎవరో "సార్, జర ఊగుండ్రి సార్! తాగినట్టు లేదు" అని అరిచారు.

కృష్ణకుమారి మాత్రం చప్పట్లు కొట్టలేదు.

"తాగినట్టే ఉంది," అంది. "సిన్మాలల్ల తాగినోళ్లు ఊగుతరు సార్. మా నాయన ఊగడు. నేల మీద గీత గీసి ఉన్నట్టు చూసుకుంట నడుస్తడు. మాట గూడ గిట్లనే, ఒక్కొక్కటి ఏరి పెట్టినట్టు మాట్లాడ్తడు. గట్ల మాట్లాడినప్పుడు మా అమ్మ ఇంకేం అడగదు. మీరు అచ్చం గట్లనే జేసిండ్రు. యాడ నేర్చుకున్నరు సార్?"

"పుస్తకాల్లో," అన్నాను.

క్లాసంతా నా వైపే చూస్తోంది. బోధన ఫలించిందనుకున్నాను.

నిబంధనల్లో 'నిపుణుల ప్రసంగం' అని ఒకటి ఉంది. జన్యువుల మీద పరిశోధన చేస్తున్న డాక్టర్ తన్మయి అనే అమ్మాయి ఒప్పుకుని, ర్యాలీలు తప్పించుకుంటూ స్కూటీ మీద వచ్చింది. నా దగ్గర చదువుకున్న పిల్లంత వయసు. చాలా మామూలుగా మాట్లాడింది.

"కవలల మీద, దత్తత వెళ్లిన పిల్లల మీద చేసిన పరిశోధనల్లో తేలింది ఏమిటంటే, ఈ ప్రమాదంలో దాదాపు సగం పుట్టుకతో వస్తుంది. మిగతాది ఇల్లు, స్నేహాలు, ఏ వయసులో మొదలుపెట్టారు, మందు ఎంత సులువుగా దొరుకుతోంది లాంటి వాటి వల్ల. ఏదో ఒక్క జన్యువు పని కాదు, చిన్నచిన్నవి చాలా కలిసి చేస్తాయి. తండ్రి తాగితే పిల్లలు తాగి తీరతారని లేదు. వాళ్లు మిగతావాళ్లకన్నా ముందే జాగ్రత్తపడాలి, అంతే."

కృష్ణకుమారి భుజాలు కొంచెం కిందికి దిగాయి. అన్ని రోజులుగా నేను చెప్పిన పాఠాన్ని ఆ పిల్ల భుజాల మీద మోస్తోందని అప్పుడు గమనించాను. (గమనించడం నా ఉద్యోగం.)

అక్కడితో ఊరుకుంటే బాగుండేది. కానీ నిపుణుల ముందు మన పాండిత్యం కూడా కొంత ప్రదర్శించాలి కదా. లేచి నిలబడ్డాను.

"మేడమ్, దీనికి మినహాయింపులు ఉంటాయి. నాకు తెలిసిన గౌరవనీయమైన వంశం ఒకటుంది. తాత, తండ్రి, కొడుకు, ముగ్గురూ పుచ్చుకునేవాళ్లే. ఒక్కరూ తూలలేదు. ఎంత తాగినా ఎక్కదు. దృఢమైన జన్యువులన్నమాట."

ఆమె నన్ను ఆసక్తిగా చూసింది. "అది దృఢత్వం కాదు సార్. మాకు బాగా తెలిసిన ప్రమాద లక్షణం. కొంచెం తాగితే తల తిరిగి కక్కుకునేవాడికి ఒళ్లే చెబుతుంది, ఇక చాలని. ఎక్కనివాడికి ఆ మాట వినపడదు. పోసుకుంటూనే ఉంటాడు. పైగా నలుగురిలో తానే గట్టివాణ్ణని గర్వపడతాడు. ఈ గుణం వంశంలో రావచ్చు. ఆ తాత, తండ్రి ఎలా పోయారు సార్?"

"కామెర్లతో," అన్నాను.

"ఇద్దరూ?"

"ఇద్దరూ."

పిల్లలెవరూ నవ్వలేదు. నవ్వితే బాగుండుననిపించింది. నేను పూలగుత్తి ఇచ్చి వందన సమర్పణ చేశాను.

ఆ సాయంత్రం ఏడింటికి మామూలుగానే బాల్కనీలోకి వెళ్లాను. శాస్త్రం వినగానే మనుషులు మారిపోయేటట్టయితే దేశంలో లెక్చరర్ల అవసరం ఎప్పుడో తీరిపోయి ఉండేది.

దసరా సెలవుల్లో ఆఖరి రోజు మధ్యాహ్నం మా అబ్బాయి వంశీకృష్ణ స్నేహితుడి ఇంటి నుంచి వచ్చాడు. ఇంజనీరింగు మొదటి సంవత్సరం. చెప్పులు విడిచి సరాసరి తన గదిలోకి పోతుంటే మా ఆవిడ సుమిత్ర అడ్డం నిలబడింది.

"ఏదీ, నోరు తెరువు."

"బీరే అమ్మా. అందరూ తాగారు. నాగార్జున అయితే బాత్రూంలోంచి బయటికే రాలేదు. మిగతావాళ్లు కక్కుకుని పడుకున్నారు. నాకేం కాలేదు. నేనే అందరికీ నిమ్మరసం కలిపిచ్చి వచ్చా." నా వైపు తిరిగి నవ్వాడు. "ఎంత తాగినా ఎక్కలేదు నాన్నా. నీలాగే."

దాచడం ఎందుకు? ఆ మాట వినగానే నాకు ముందు కలిగింది సంతోషం. పరీక్షలో మార్కులు తెచ్చుకున్నప్పుడు కూడా వాడు నన్నంత సంతోషపెట్టలేదు. వెంటనే ఒక వరస కళ్ల ముందు నిలబడింది. అరుగు మీద నడిచే తాతగారు, పద్యం చదివే నాన్నగారు, వాళ్ల వెనక నేను, నా వెనక నిమ్మరసం గ్లాసుతో వీడు.

"కూర్చోరా," అన్నాను. "తాతయ్య ఎలా పోయారో తెలుసా?"

"కామెర్లతో కదా."

"కాదు. తాగి లివరు పాడై పోయారు. ముత్తాత కూడా అంతే. వాళ్లకూ ఎక్కేది కాదు. నాకూ ఎక్కదు. అది గొప్ప కాదు, జబ్బుకి దారి. మొన్న కాలేజీలో అందరి ముందూ నాకు పాఠం అయింది."

వాడు నవ్వు ఆపాడు. సుమిత్ర వంటింటి గుమ్మానికి ఆనుకుని నిలబడింది. ఆమె ముఖంలో ఆశ్చర్యం లేదు.

"నీకు ముందే తెలుసా?" అని అడిగాను.

"పెళ్లయిన కొత్తలోనే అత్తయ్యగారు చెప్పారు."

"మరి నాకెందుకు చెప్పలేదు?"

"చాలాసార్లు చెప్పానండీ. మీరు సాయంత్రాలే కదా ఇంట్లో ఉండేది. పొద్దున లేచేసరికి మీకు గుర్తుండేది కాదు."

తూలని వంశంలో పుట్టినవాడికి మతి మాత్రం తూలుతుందని ఇన్నేళ్లకు ఇంట్లో తెలిసింది. వంశీ నన్ను చూస్తూ, "మరి నువ్వు మానేస్తావా?" అన్నాడు. వెక్కిరింపు కాదు. వాడికి నిజంగానే తెలుసుకోవాలని ఉంది. మానేస్తానన్నాను.

నేను సైకాలజీ చదువుకున్నవాణ్ణి కాబట్టి నా చికిత్స నేనే చేసుకోదలిచాను. ఆ రోజే పూర్తిగా ఆపేశాను. రెండో రోజుకు ఒళ్లంతా చెమటలు, గుండెదడ. కాలేజీకి వెళ్లి బోర్డు మీద 'ఆత్మనిగ్రహం' అని రాయబోతే అక్షరాలు ఊగాయి. సుద్దముక్క చేతిలోంచి జారిపోయింది. క్లాసయ్యాక కృష్ణకుమారి బల్ల దగ్గరికి వచ్చి, ఎవరికీ వినపడకుండా అడిగింది.

"బంద్ జేసిండ్రా సార్?"

"ఏం బంద్? రోజూ ఏదో ఒక బందే కదమ్మా."

"గా బంద్ కాదు సార్. మా నాయన బంద్ జేసినప్పుడు గూడ చేతులు గిట్లనే ఒణికినయ్. ఫిట్స్ ఒచ్చి పడిపోయిండు. గందుకే మళ్ల షురూ జేసిండు. మీరు దవాఖానకు పోండ్రి సార్. ఒక్కరే ఉండకుండ్రి."

తన్మయికి ఫోన్ చేశాను. ఈసారి గౌరవనీయమైన వంశం గురించి కాకుండా నా గురించే చెప్పాను. "అయ్యో సార్, అలా ఒక్కసారిగా మీ అంతట మీరు ఆపకూడదు, ప్రాణానికే ప్రమాదం. ఇప్పుడే డాక్టరు దగ్గరికి వెళ్లండి" అని ఒక సర్కారు దవాఖాన పేరు చెప్పింది. సుమిత్ర ఆటో పిలిచింది.

అక్కడ చీటీ రాసే ఆయన పేరు, వయసు రాసుకుని, "ఏం పని జేస్తరు?" అన్నాడు.

"లెక్చరర్ని."

"ఏం జెప్తరు?"

"మానసిక ఆరోగ్యం."

ఆయన తలెత్తి చూసి, చీటీ ఇచ్చి, మెట్ల పక్కన వరస చూపించాడు.

డాక్టరు నాలుగు రోజులు మంచం మీద ఉంచి, మాత్రలిచ్చి, వణుకు తగ్గాక పంపించాడు. మళ్లీ చూపించుకోవడానికి వెళ్లేటప్పుడు కృష్ణకుమారిని పిలిచి, వాళ్ల నాన్నను కూడా తీసుకురమ్మన్నాను. వస్తాడో రాడో అంది. వచ్చాడు. ఇస్త్రీ చొక్కా వేసుకుని, నేల వైపు చూసుకుంటూ, గీత తప్పకుండా నడిచి వచ్చి నా పక్కన బల్ల మీద కూర్చున్నాడు.

"నమస్తే సార్. మీరు మస్తు యాక్టింగ్ జేస్తరంట గదా, మా బిడ్డ జెప్పింది."

"ఏదో, కొద్దిగా."

"ఎన్నేండ్ల సంది తాగుతున్నరు?"

నేను తాగను, మితంగా తీసుకుంటాను అని చెప్పబోయాను. ఆయన కళ్లలో చూశాక ఆ మాట రాలేదు.

"పాతికేళ్లుగా," అన్నాను.

"నేను గూడ గంతనే," అన్నాడు గుండయ్య. ఆయనకు కొంచెం ధైర్యం వచ్చినట్టుంది. "లోపల ఏం జేస్తరు సార్? సూదులిస్తరా?"

"నిజం అడుగుతారు. సూదులే నయం."

ఆయన నవ్వాడు. పిలుపు వచ్చేదాకా ఇద్దరం నిటారుగా కూర్చున్నాం. దూరం నుంచి చూసినవాళ్లు మమ్మల్ని రోగులను తీసుకొచ్చిన పెద్దమనుషులనుకుని ఉంటారు.

ఆ తర్వాత అంతా సాఫీగా జరిగిందని రాయాలని ఉంది. గుండయ్య ఒక పెళ్లిలో మళ్లీ మొదలుపెట్టి, రెండు వారాల తర్వాత కూతురు వెంట దవాఖానకు వచ్చాడు. నేను జనవరిలో ఒకసారి జారాను. (కొత్త గ్లాసులో.) సుమిత్ర కేకలు వేయలేదు. పొద్దున నేను లేచేదాకా ఆగి, నాకు గుర్తుండే వేళ చూసి చెప్పింది. అందువల్ల గుర్తుంది. మళ్లీ డాక్టరు దగ్గరికి వెళ్లాను. వంశీ మళ్లీ ముట్టుకోలేదు, నాకు తెలిసినంత వరకు. ఒక తండ్రికి తెలిసినంత వరకు అంటే ఎంత వరకో నాకు తెలుసు కాబట్టి, వాడితో రోజూ సాయంత్రం ఏడింటికి కర్మన్‌ఘాట్ గుడి దాకా నడిచి వస్తున్నాను. ఎక్కువ మాట్లాడుకోం. కొన్నాళ్లకు కృష్ణకుమారి తమ్ముడు కూడా మాతో కలిశాడు.

సమ్మె ముగిసి, కరెంటు వచ్చి, మండలికి నివేదిక పంపే గడువు దగ్గరపడింది. వికాసం ఎంత శాతం రాయాలని సేటును అడిగాను.

"పిల్లలు ఎందరు బాగుపడ్డరు సారూ?"

"పిల్లల సంగతి తెలియదండీ. ఒక లెక్చరరు, ఒక విద్యార్థిని తండ్రి ప్రస్తుతానికి పర్వాలేదు."

సేటు నా ముఖంలోకి కాసేపు చూశాడు. ఆయనకు అంతా తెలుసని అప్పుడు అర్థమైంది. "తొంభై ఎనిమిది రాయుండ్రి," అన్నాడు మెల్లగా. "నూరు రాస్తే నమ్మరు. మీ మందులు మాత్రం బంద్ జేయకుండ్రి సారూ."

తొంభై ఎనిమిది శాతానికి మాకు ఉత్తమ బోధనా పురస్కారం వచ్చింది. మార్చిలో ఎల్బీనగర్‌లోని ఒక హోటల్లో సభ. మండలి సమన్వయకర్త శ్రీరామమూర్తిగారు నాకు శాలువా కప్పి, మద్యం మీద మనది ఆఖరి పోరాటమని, తాగుడు నేరం కాదని, జబ్బని, ఆ జబ్బు ఉన్నవాళ్లను అక్కున చేర్చుకోవాలని గంటసేపు ప్రసంగించారు. నాకు కళ్లు చెమర్చాయి. తర్వాత భోజనాలకు పక్క హాల్లోకి తీసుకెళ్లారు. కర్టెన్లు వేసి ఉన్నాయి. మానసిక నిపుణులందరి ముందూ గ్లాసులు పెడుతున్నారు.

"పగలు కదా, బీరుతోనే సరిపెట్టాం," అన్నారు శ్రీరామమూర్తిగారు, నా ముందు పెట్టిన గ్లాసు నింపిస్తూ.

"నాకొద్దండీ."

"మొహమాటపడకండి మాస్టారూ. ఇవాళ మీ రోజు."

"మొహమాటం కాదండీ. నాకు తాగుడు జబ్బు ఉంది. మందులు వాడుతున్నాను."

పక్కన కూర్చున్న ప్రొఫెసరుగారు తన కుర్చీ కొంచెం అవతలికి జరుపుకున్నారు. శ్రీరామమూర్తిగారు నా శాలువా వైపు, నా ముఖం వైపు మార్చి మార్చి చూశారు.

"అయ్యయ్యో, ఈ సంగతి ముందే చెప్పాలి కదండీ," అన్నారు నొచ్చుకుంటూ, నా గ్లాసు కూడా తన ముందుకు జరుపుకుని. "అవార్డు ఎవరైనా ఆరోగ్యవంతులకు ఇచ్చేవాళ్లం."